మారుచున్న కుంచము

గూగుల్ సంస్థవారు విశాఖపట్టణమున కృత్రిమమేధా కేంద్రమును నెలకొల్పుదుమని 2025 అక్టోబరు 14వ తేదీన ఢిల్లీలో ప్రకటించిరి. 2026 మొదలు 2030 వరకు అయిదేండ్లలో 1500 కోట్ల డాలర్లు వెచ్చింతుమనియు, సముద్రగర్భమునుండి వచ్చు కేబుళ్లకు ఈ తీరమున ద్వారమును నిర్మింతుమనియు వారు వాగ్దానము చేసియున్నారు. నాటినుండి ఆంధ్రదేశమున భూమిని గూర్చియు, నీటిని గూర్చియు, విద్యుచ్ఛక్తిని గూర్చియు, ఉద్యోగములను గూర్చియు చర్చ జరుగుచున్నది. అది జరుగవలసినదే. కాని యా సంస్థతో మన ప్రజలకు నిత్యము గల సంబంధము భూమివలనను విద్యుత్తువలనను కలిగినది కాదు. వెదకువానికి ఏది ముందు చూపవలెను, ఏది వెనుకకు నెట్టవలెను అను నిర్ణయము ఆ సంస్థచేతిలో నున్నది. ఆ నిర్ణయమును బయటినుండి కొలిచిచూచు సాధనము మనకు కలదా, కలదేని యది సరిగా పనిచేయుచున్నదా యను ప్రశ్నను నేడు మేము పాఠకుల యెదుట నుంచుచున్నాము.

విశాఖలోని ద్వారకానగరము నెరుగనివారు ఉత్తరాంధ్రమున అరుదు. ఆర్టీసీ కాంప్లెక్సున బస్సు దిగిన శ్రీకాకుళ విజయనగరముల విద్యార్థి మొదట వెదకికొని పోవునది ఆ వీథులకే. పోటీపరీక్షల శిక్షణాలయములు, కంప్యూటరు శిక్షణశాలలు, వస్త్రదుకాణములు, వైద్యశాలలు, పౌరగ్రంథాలయము అచ్చటనే యున్నవి. పూర్వము మేడమీది బోర్డే దుకాణమునకు పిలుపు. నేడు ఆ విద్యార్థి పార్వతీపురమున బస్సెక్కకమునుపే విశాఖలో బ్యాంకు పరీక్షల శిక్షణ యెచ్చట దొరకునని మొబైలులో వెదకుచున్నాడు. మొదట కనబడిన మూడు నాలుగు పేర్లే అతనికి తెలియును. పదవ పేరు లేనట్లే. ఈ దేశమున వెదకులాటలు నూటికి తొంబదియైదింటికి మించి గూగుల్ ద్వారముననే జరుగుచున్నవి. కావున ఆ వరుసలోని స్థానము దుకాణపు బాడుగవలెను సరకువలెను వ్యాపారమున నొక యంగమైనది.

ఆ స్థానమును దినదినము కనిపెట్టి లెక్క వ్రాయుటయే యొక వృత్తియైనది. దానిని ర్యాంకు ట్రాకింగ్ అందురు. వ్యాపారి తన వెబ్‌సైటు నిన్న యెన్నవ స్థానమున నుండెను, నేడెన్నవ స్థానమున నున్నది యని అడుగును. ఆ పని చేయువారు ప్రోగ్రాముల సహాయమున సమాధానము చెప్పుదురు. ఆ సమాధానమునుబట్టి వ్యాపారి ప్రకటనలకు సొమ్ము పెంచును, తగ్గించును. పని చేసిన యువకుని మెచ్చుకొనును, లేదా తీసివేయును. ఇంత భారము మోయు నంకె నిజమైన యంకె కావలయునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ లెక్క యెట్లు వ్రాయబడునో తెలిసినగాని అందలి చిక్కు తెలియదు. ట్రాకింగ్ ప్రోగ్రాము మనుష్యునివలెనే యొక మాటను శోధనయంత్రమునకు పంపును. బదులుగా వచ్చిన పుట మనకు అక్షరములుగను బొమ్మలుగను కనబడును. ప్రోగ్రామునకు కోడుగా అందును. ఆ కోడులో ఫలితమున కొక గుర్తు, ప్రకటనకు మరియొక గుర్తు, పటమునకు, ప్రశ్నల పెట్టెకు వేరువేరు గుర్తులు ఉండును. ప్రోగ్రాము ఆ గుర్తులనుబట్టి ఇది మొదటి ఫలితము, ఇది రెండవది యని లెక్కించుకొనుచు పోవును. ఆ గుర్తులు ప్రపంచమునకు ఇచ్చిన మాట కావు. సంస్థ తన సౌకర్యమునకై పెట్టుకొన్నవి. ఏ రాత్రియైనను వానిని మార్చవచ్చును. మార్చినట్లు చాటింపు వేయదు. మరునాడు ప్రోగ్రాము యథావిధిగా పనికి పూనుకొని, లేని గుర్తులకై వెదకి, దొరకిన దానినిబట్టి ఏదో యొక యంకెను వ్రాసిపెట్టును.

ఇచట రెండు విధముల మార్పులను వేరుపరుపవలసియున్నది. ఒకటి, సంస్థ తన తీర్పునే మార్చుట. ఏ పుట మేలైనదని యెంచు విధానమును వారు ఏడాదిలో వేలమార్లు సవరించుచుందురు. పెద్ద సవరణలను మాత్రము ప్రకటింతురు. 2024 మార్చి 5న మొదలైన యట్టి సవరణ ముగియుటకు 45 దినములు పట్టెను. అప్పుడు స్థానములు నిజముగనే తారుమారగును. రెండవది, తీర్పు మారకయే పుట రూపమును, కోడును మారుట. అప్పుడు స్థానము చెక్కుచెదరదు. దానిని చదువు సాధనము మాత్రము చెడును. వ్యాపారి చేతికందిన కాగితమున ఈ రెండును ఒక్కతీరుగనే కనబడును: నిన్న మూడు, నేడు పదునెనిమిది.

విశాఖవాసులకు ఈ భేదము క్రొత్త కాదు. ఓడరేవు కాలువలో ఇసుక మేటవేయుచుండును. అందుచే దానిని త్రవ్వుచు, లోతును మరల మరల కొలుచుచుందురు. లోతు తగ్గినదని కొలత చెప్పినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఇసుక పెరిగినదా, లేక కొలతత్రాడే ముడిపడినదా? ఆ ప్రశ్న యడుగని సరంగు ఓడను నిష్కారణముగ వెనుకకైన మరల్చును, లేదా మెరకకైన నెక్కించును.

ముడిపడిన త్రాడునకు 2025వ సంవత్సరము చక్కని యుదాహరణముల నిచ్చినది. ఆ జనవరిలో గూగుల్ వారు జావాస్క్రిప్టును నడపజాలని యంత్రములకు శోధనఫలితముల నిచ్చుట మానిరి. దుర్వినియోగమునుండి రక్షణకై యని కారణము చెప్పిరి. తేలిక ప్రోగ్రాములతో లెక్క వ్రాయు సాధనములు పెక్కులు తడబడినవి. సెప్టెంబరులో మరియొక దెబ్బ తగిలినది. అంతకుముందు వెదకు చిరునామా చివర నొక చిన్న మాటను చేర్చినచో నూరు ఫలితములు ఒక్కపుటలో వచ్చెడివి. ఆ సౌకర్యము హఠాత్తుగ ఆగిపోయెను. అది మేము నియతముగ నిచ్చిన సౌకర్యము కాదని సంస్థవారు చెప్పిరి. ఒక్కమారు అడిగి తెలిసికొనుదానికి పదిమార్లు అడుగవలసివచ్చెను. ఖర్చు పదిరెట్లు పెరిగెను. కొన్ని సాధనములు మొదటి ఇరువది స్థానములతో సరిపెట్టుకొనినవి.

అంతకంటె విచిత్రమైనది తరువాత జరిగెను. తమ పుట యెన్నిమార్లు కనబడినదో తెలుపుటకు గూగుల్ వారే వెబ్‌సైటుల యజమానులకు సర్చ్ కన్సోల్ అను లెక్కపుస్తకమును ఇచ్చియున్నారు. సెప్టెంబరు నడుమ ఆ పుస్తకమున అనేకుల అంకెలు ఒక్కపెట్టున పడిపోయినవి. సగటు స్థానము మాత్రము మెరుగైనట్లు కనబడెను. కొనుగోలుదార్లు తగ్గలేదు. నూరు ఫలితముల పుటను తెరచుచు వచ్చిన ప్రోగ్రాములవలన ఎనుబదవ స్థానమునందలి పుటయు కనబడినట్లు అంతవరకు లెక్కకెక్కుచుండెను. ఆ ప్రోగ్రాములు ఆగగానే ఆ లెక్కయు ఆగెనని ఈ పనిలో ఆరితేరినవారు గ్రహించిరి. అనగా కొలుచువారి యడుగుజాడలే కొంతకాలము జనసమ్మర్దముగ తోచినవి! సంగతి తెలిసినవారు ఆ దినమున గీత గీసి తేదీ వ్రాసికొనిరి. తెలియనివారు లేని నష్టమునకు కారణములు వెదకిరి, లేని లాభమునకు బహుమానము కోరిరి.

దీనినుండి మనవారు నేర్వవలసిన మొదటి పాఠము సంస్థను తిట్టుట కాదు, మన లెక్కలను దిద్దుకొనుట. స్థానగణన వృత్తిలో నున్నవారికి మేము స్పష్టముగ చెప్పదలచినది యొకటి కలదు. పుటలో వెదకగా దొరకకుండుట వేరు. పుటనే చదువలేకపోవుట వేరు. మొదటిది సమాచారము, రెండవది సమాచారము లేకుండుట. ఈ రెంటికిని ఒక్క సున్న చుట్టుట యబద్ధము. చదువలేని దినమున నిన్నటి యంకెనే నేటి గడిలో దించుట మరింత యబద్ధము. నేడు కొలత సాగలేదని వ్రాయుటకు సిగ్గుపడువాడు ఆ వృత్తికి తగడు.

లెక్క నిజముగ నుండుటకు వలయు జాగ్రత్తలు దుర్లభములు కావు. అందరెరిగిన పేర్లు కొన్నింటిని దినదినము వెదకవలయును. తిరుమల తిరుపతి దేవస్థానముల పేరు వెదకినప్పుడు వారి వెబ్‌సైటు పైన కనబడనిచో తప్పు దేవస్థానముది కాదు, మన ప్రోగ్రాముది. వచ్చిన పుటను యథాతథముగ తేదీతో భద్రపరుపవలయును. నేడు తప్పు చదివినను రేపు ప్రోగ్రామును దిద్ది అదే పుటను మరల చదువవచ్చును. ఒకే పుటను వేరువేరు పద్ధతులతో వ్రాసిన రెండు ప్రోగ్రాములచేత చదివించి, అవి విభేదించినచోట మనుష్యుడు కన్నుపెట్టి చూడవలయును. వేయి మాటలకు ఒక్కసారిగ స్థానము తప్పినచో మొదట అనుమానింపవలసినది సాధనమునే. కోడు మారిన దినమునకు ముందును వెనుకను గల యంకెలను ఒక్క రేఖగ కలుపరాదు. ప్రకటనలను, పటములను లెక్కలో చేర్చితిమో లేదో మొదటనే చెప్పవలయును. ఇవన్నియు మంచి కరణమునకు తెలిసిన పద్ధతులే. కాగితము మాత్రము క్రొత్తది.

స్థలమును గూర్చియు ఒక మాట. దుకాణముల వెదకులాటలో సంబంధము, దూరము, ప్రసిద్ధి యను మూటినిబట్టి వరుస నేర్పరతుమని గూగుల్ వారే చెప్పుచున్నారు. కావున ద్వారకానగరమున నిలిచి వెదకినవానికి కనబడు వరుస గాజువాకలో వెదకినవానికి కనబడదు. హైదరాబాదు యంత్రమునుండి వెదకిన ప్రోగ్రామునకు అసలే కనబడదు. దుకాణదారు తన గదిలో తన మొబైలుపై వెదకి మొదటివాడనని మురియుటయు అట్టిదే. ఎచ్చటినుండి, ఏ భాషలో, మొబైలుపైననా కంప్యూటరుపైననా వెదకితిరో చెప్పని స్థానము ఊరు పేరు లేని చిరునామా వంటిది.

ఇక తెలుగు మాట. యూనికోడ్ మొదటి ప్రతి వెలువడిన 1991 నుండియు తెలుగులిపికి అందు స్థానము కలదు. అయినను మన భాషలో వెదకువారి సంగతి కొలుచువారికి పట్టుట లేదు. విశాఖపట్నమనియు, విశాఖపట్టణమనియు, వైజాగనియు ఒకే యూరిని వ్రాయుదురు. తెలుగుమాటనే ఇంగ్లీషులిపిలో వ్రాయువారు అనేకులు. వెబ్‌సైటు అను మాటలో పొల్లు తరువాతి యక్షరము వత్తుగ మారకుండుటకు కంటికి కనబడని యొక సంకేతమును చేర్తురు. అది యున్న మాటయు లేని మాటయు యంత్రమునకు రెండు మాటలు. ఇంగ్లీషుమాట నొక్కదానిని కొలిచి, తెలుగువారు వెదకు నాలుగు రూపములను విడిచిన లెక్క పట్టణమునందలి కొందరి లెక్క యగునే కాని ప్రజల లెక్క కానేరదు. ఈ లోపమును కాలిఫోర్నియానుండి ఎవ్వరును వచ్చి దిద్దరు. మనమే దిద్దుకొనవలయును.

అసలు మొదటి స్థానమనగా నేమి యను ప్రశ్నయే నేడు పుట్టినది. 2024 ఆగస్టునుండి ఈ దేశమునను గూగుల్ వారు అనేక ప్రశ్నలకు కృత్రిమమేధ వ్రాసిన సంగ్రహమును పుట పైభాగమున చూపుచున్నారు. దాని క్రింద ప్రకటనలు, పటము, ప్రశ్నల పెట్టె వచ్చిన పిమ్మట మొదటి ఫలితము మొబైలు తెరకు దిగువన ఎక్కడనో తగులును. ప్రోగ్రాము దానిని ఒకటి యని వ్రాయును. అది సంఖ్యగ సత్యము, వ్యాపారమున కాదు. కావున తెరపై నెంత లోతున నున్నది, సంగ్రహమున మన పేరు చెప్పబడినదా యను విషయములను వేరుగ వ్రాయకున్నచో, సరియైన యంకెయే తప్పుదారి పట్టించును.

సంస్థవారి పక్షమునను చెప్పదగినది కలదు. యంత్రములు రాత్రింబవళ్లు ప్రశ్నలు కురిపించినచో వారి కంప్యూటర్లపై భారము పడును. ఫలితములను దోచి అమ్ముకొనువారును లేకపోలేదు. 2025 డిసెంబరులో సర్ప్ఎపిఐ అను వ్యాపారసంస్థపై గూగుల్ వారు అమెరికా న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. తమ రక్షణలను దాటి ఫలితములను కొల్లగొట్టుచున్నదని వారి యారోపణ. మైక్రోసాఫ్టువారు బింగ్ ఫలితములను సొమ్ముకు ఇచ్చు ద్వారమునే 2025 ఆగస్టు 11న మూసివేసిరి. దొంగత్రోవలను సమర్థించుట మా యుద్దేశము కాదు. కాని రాచబాటను మూసి, దొంగత్రోవను శిక్షించినచో, కొలుచువాడు నడువవలసిన దారి యేది? సర్చ్ కన్సోల్ చూడుమందురేమో. అందు యజమానికి తన పుట సంగతియే తెలియునుగాని యితరులది తెలియదు. అది సగటు మాత్రమే చెప్పును. పదునారు నెలలకు మించిన లెక్కను చూపదు. అన్నిటికంటె, అది కరణము వ్రాసిన లెక్కను కరణమే తనిఖీ చేయుట.

ఈ తనిఖీ యెందులకు వలయునో తెలిసికొనుటకు మన దేశచరిత్రయే సాక్ష్యము. 2012లో మేట్రిమనీ డాట్ కామ్ అను మదరాసు సంస్థయు, కట్స్ అను వినియోగదారుల సంఘమును గూగుల్ వారిపై మన కాంపిటీషన్ కమిషనుకు ఫిర్యాదు చేసిరి. కమిషను 2018 ఫిబ్రవరి 8న తీర్పు చెప్పి, 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించెను. అందు కమిషను కనుగొన్న దేమి? 2010కి పూర్వము కొన్ని తరగతుల ఫలితములకు ఒకటవ, నాలుగవ, పదవ స్థానములు ముందుగనే నిర్ణయింపబడియుండెననియు, అవి యోగ్యతనుబట్టి మాత్రమే వచ్చినవి కావనియు. సంస్థవారు అప్పీలుకు పోయిరి. ఐరోపా కమిషనువారు తమ వస్తుధరల సేవకు పైస్థానమిచ్చుకొనినందులకై 2017 జూన్ 27న 242 కోట్ల యూరోల జరిమానా విధింపగా, దానిని అచ్చటి ఉన్నతన్యాయస్థానము 2024 సెప్టెంబరు 10న స్థిరపరచెను. ఈ వివాదములన్నియు స్థానములను గూర్చినవే. వరుసను బయటినుండి నమ్మదగినట్లు కొలువగల చేతులు లేనిచో ఇట్టి ఫిర్యాదు రుజువగుట యెట్లు?

పూర్వము ఊరికొక కుంచము, కొట్టుకొక తూనికరాయి యుండెను. రైతు తన ధాన్యమును తన కుంచముతో కొలిచికొని పోయి, షావుకారి కుంచముతో అమ్ముకొని నష్టపడెడివాడు. స్వతంత్ర భారత ప్రభుత్వము 1956లో తూనికలు కొలతల శాసనము చేసి, దేశమంతటికి ఒక్క ప్రమాణమును తెచ్చెను. నేడును ఇన్‌స్పెక్టరు ముద్ర లేని రాతితో పావుశేరు పప్పు తూచినను నేరమే. కోట్లమంది చూపును తూచు త్రాసునకు మాత్రము ముద్ర లేదు, తనిఖీ లేదు, మార్చినప్పుడు నోటీసు లేదు. స్వరాజ్యమందు ఇది యెంతకాలము సాగవలయును?

కావున మేము కోరునవి మితమైనవి. గూగుల్ వారికి భూమిని, రాయితీలను సమకూర్చుచున్న రాష్ట్రప్రభుత్వమువారు ప్రతిఫలముగ ఉద్యోగములను మాత్రమే అడిగి యూరకుండరాదు. ఫలితముల పుట రూపమును మార్చినప్పుడెల్ల తేదీతో బహిరంగముగ ప్రకటింపుడనియు, ప్రజాహితమునకై కొలుచువారికి మితమైన, న్యాయమైన ద్వారమును తెరువుడనియు అడుగవలయును. ఐరోపాలో 2020 జూలైనుండి శోధనయంత్రములవారు స్థానమును నిర్ణయించు ముఖ్యాంశములను వెల్లడింపవలెనని చట్టము కలదు. అచ్చట చేయగలిగినది ఇచ్చట చేయరాదా? డిజిటల్ పోటీ శాసనపు ముసాయిదాను కేంద్రప్రభుత్వము 2024 మార్చిలో ప్రకటించియున్నది. అట్టి శాసనము ఏ రూపమున వచ్చినను ఈ నియమమునకు అందు చోటు కల్పింపవలయును.

ప్రభుత్వము కదలువరకు ప్రజలు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉన్న నగరమిది. నూరు తెలుగు ప్రశ్నలను నిర్ణయించి, పౌరగ్రంథాలయమునకు వచ్చు విద్యార్థులే దినమునకు గంటసేపు చేతితో వెదకి, చూచినది చూచినట్లు తేదీతో వ్రాసియుంచినను చాలును. చేతితో వెదకువానిని ఏ నియమమును తప్పుపట్టజాలదు. ఏ కోడు మారినను మనుష్యుని కన్ను చెడదు. సంవత్సరము గడచునప్పటికి ఆ పుస్తకము యంత్రముల లెక్కలను సరిచూచు గీటురాయి యగును. ద్వారకానగర వ్యాపారులును తమకు లెక్కలిచ్చువారిని, నా స్థానమెంత యని యడుగుటతో నిలువక, ఎట్లు కొలిచితివి, ఎన్నడు కొలువలేకపోతివి యని యడుగ నేర్వవలయును. ఆ ప్రశ్నకు వెరవనివానికే పని యొప్పగింపవలయును.

1948 మార్చి 14న ఈ విశాఖ తీరముననే జలఉష యను ఓడ నీటిలోనికి దిగెను. స్వతంత్ర భారతమున నిర్మింపబడిన యా ఓడకు జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభోత్సవము చేసెను. సముద్రము మనది కాదు. అలలు మన యాజ్ఞకు లోబడవు. అయినను మన ఓడను మనము కట్టుకొంటిమి, మన లోతును మనమే కొలుచుకొనుచున్నాము. శోధనయంత్రము నేడు పరుల యధీనమున నున్న సముద్రము. దాని కోడును శాసించు శక్తి మనకు లేకపోవచ్చును. కొలతత్రాడును సరిగ పట్టుకొనుటయు, ముడిపడినప్పుడు ముడిపడినదని పలుకుటయు మనచేతిలోని పనులే. వానినైనను మనవారు చేయుదురుగాక.